నీరుకుక్క ఇష్టపడిన చోటా, దానికి మిగిలిన చోటా?

ఈసారి ఒక జంతువు చరిత్ర రాస్తున్నా. జంతువుకు చరిత్ర ఏముంటుంది అనుకోవద్దు. దాని చరిత్రలో మన చరిత్ర కూడా ఉండాది. కొంచెం పొడుగైనా చివరిదాకా చదవండి.

మనలో చానామంది డిగ్రీలో జువాలజీ చదివినోళ్ళు, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నోళ్ళు ఉన్నారు. పుస్తకాల్లో "ఆవాసం" అని ఒక పట్టిక ఉంటుంది. ఏ జంతువు యాడ బతుకుతుంది, ఏ చోటు దానికి ఇష్టం అని అందులో రాసి ఉంటుంది. అదే పుస్తకంలో ఇంకో పేజీ తిప్పితే మన పట్టిక ఉంటుంది. చెంచులు నల్లమల అడవిలో ఉంటారు, యానాదులు ఏటి గట్టున, చెరువు గట్టున ఉంటారు, ఎరుకలోళ్ళు ఊరి బయట ఉంటారు, సుగాలీలు తండాల్లో ఉంటారు అని. ఉన్న మాటే, అబద్ధం ఏమీ కాదు. కానీ "ఎందుకు ఆడ ఉన్నారు" అని ఆ పట్టిక అడగదు. ఇప్పుడు కనపడే చోటునే ఇష్టమైన చోటు అని రాసేస్తుంది. ఈ పొరపాటు ఎట్ల జరుగుతుందో నీరుకుక్క కథలో స్పష్టంగా కనపడుతుంది. ఎందుకంటే పోయిన నదులకు అది మళ్ళీ తిరిగి వచ్చింది. వచ్చినాక అది ఎంచుకున్న చోట్లు పుస్తకంలో రాసినట్టు లేవు.

ముందు జంతువు గురించి రెండు మాటలు. మన కాడ నీరుకుక్క, నీటికుక్క అంటారు. కోస్తాలో నీటిపిల్లి అని కూడా అంటారు. అది కుక్కా కాదు, పిల్లీ కాదు. పొడుగు ఒళ్ళు, పొట్టి కాళ్ళు, వేళ్ళ మధ్య బాతుకు ఉన్నట్టు పొర, బలమైన తోక. దక్షిణాది మైదానాల నదుల్లో ఎక్కువగా ఉండేది నున్నటి బొచ్చు రకం. ఇంగ్లీషులో స్మూత్ కోటెడ్ ఆటర్ అంటారు. పెద్దదైతే ఏడు నుంచి పదకొండు కిలోల దాకా తూగుతుంది. ఒంటరిగా కాదు, కుటుంబంగా తిరుగుతుంది. తల్లీ తండ్రీ పిల్లలూ కలిసి వరసగా చేపల్ని తరిమి పడతాయి.

ఆ తెలుగు పేరు అచ్చులోకి ఎక్కి నూటయాభై ఏళ్ళు దాటింది. థామస్ జెర్డన్ అనే డాక్టరు 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. 1867లో భారతదేశపు క్షీరదాల మీద పుస్తకం వేశాడు. అందులో ఈ జంతువుకు కన్నడం, హిందీ, మరాఠీ పేర్లతో పాటు తెలుగులో నీరుకుక్క అని రాశాడు. అన్ని భాషల్లో పేరుందంటే అర్థం ఏమి? ఆ కాలంలో జనం దాన్ని రోజూ చూసేవాళ్ళు, పేరు పెట్టుకునేంత దగ్గరగా బతికేవాళ్ళు అని. ఏటిలో చేపలు పట్టేవాళ్ళకు, గట్టున ఎలుకలు పట్టేవాళ్ళకు, రాత్రిపూట పంట కాపలా కాసేవాళ్ళకు తెలిసిన జంతువు అది. పుస్తకంలో జెర్డన్ పేరు ఉంది. చెప్పినోళ్ళ పేర్లు లేవు.

ఇప్పుడు దానికి ఏమేమి కావాలో చూద్దాం. చంబల్ నదిలో, కేరళ పెరియార్ సరస్సులో, కావేరిలో పరిశోధకులు ఏళ్ళ తరబడి గట్ల వెంట నడిచి, దాని అడుగులు, పెంటికలు, బొరియలు లెక్కపెట్టి తేల్చిన సంగతులు ఇవి. మన మాటల్లో చెప్తా.

మొదటిది మడుగు. ఎండాకాలంలో ఏరు తెగిపోయినా ఎండని లోతైన గుంట. చేపలన్నీ ఆ గుంటలోకే చేరతాయి, నీరుకుక్క కూడా ఆడికే చేరుతుంది. రెండోది దాగే దరి. బండల మధ్య సందు, చెట్టు వేళ్ళ కింద బొరియ, లేదా దట్టంగా పెరిగిన జమ్ము, తుంగ, రెల్లు. పిల్లల్ని పెట్టేది ఆడనే. రెండు నెలల గర్భం తర్వాత పుట్టే పిల్లలు మొదట కళ్ళు కూడా తెరవలేవు కాబట్టి, ఆ బొరియలోకి నీళ్ళు రాకూడదు, కుక్కలు దూరకూడదు. మూడోది ఒళ్ళు ఆరబెట్టుకునే జాగా. ఇసుక మేట గానీ, చదును బండ గానీ. నీళ్ళలోంచి వచ్చినాక బొచ్చు ఆరకపోతే దానికి చలి. ఇసుకలో పొర్లి ఆరబెట్టుకుంటుంది. నాలుగోది చేపలు. కొరమీను, జెల్ల, పరిగె ఏదైనా సరే, ఎండ్రకాయ దొరికినా సరే, ఏడాది పొడుగునా దొరకాల. ఐదోది వీటన్నిటినీ కలిపే దారి. వాగులు, వంకలు, గట్టు మీద పొదలు. ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు పోవడానికి.

ఈ ఐదూ చదివితే మనకు ఏమి గుర్తొస్తుంది? జమ్మలమడుగు పేరు గుర్తొస్తుంది. ఆ పేరును జమ్ముల మడుగు అని విడదీసి చెప్పేవాళ్ళున్నారు. జమ్ము, మడుగు రెండూ ఒక ఊరి పేరులోనే వినపడతాయి. పెన్నా గండికోట కాడ ఎర్రటి బండల మధ్య గండి కొట్టుకుని వస్తుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దాటి ఇసుకలో వెడల్పుగా పారుతుంది. కమలాపురం పక్క కుందూ, పాపాఘ్ని కలుస్తాయి. పులివెందుల వైపు చూస్తే పడమర చిత్రావతి, తూర్పున వేంపల్లె పక్క గండి కాడ కొండను చీల్చుకుని వచ్చే పాపాఘ్ని. ఖాజీపేటకు ఒక పక్క పెన్నా, ఇంకో పక్క లంకమల కొండలు, మధ్యలో కేసీ కాలువ. బండ, మడుగు, ఇసుక, జమ్ము, వంక. పాత పెన్నాలో ఇవన్నీ ఉన్నాయి.

పరిశోధనల్లో ఇంకో మాట కూడా తరచుగా కనపడుతుంది. ఈ జంతువు మనుషుల అలికిడి లేని రాతి చోట్లను, నది మారుమూల భాగాలను ఇష్టపడుతుంది అని. అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది. ఆ పరిశోధనలు ఎప్పుడు జరిగాయి? చాలావరకు 1980లు దాటినాక. అప్పటికే మైదానంలోని నదుల్లో దాన్ని చంపి, తరిమి, నీళ్ళు ఆపేసి, ఇసుక తీసేసి వందేళ్ళు దాటింది. మిగిలినవి యాడ మిగిలాయో ఆడికే పోయి లెక్కపెట్టారు. అంటే అది దాని ఇష్టమా, మనుషులు దానికి వదిలిన చోటా? ఒక్క మన దేశం చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. అది తిరిగి వచ్చిన దేశాలు చూడాల.

ఇంగ్లండు చూద్దాం. ఆడుండేది ఇంకో రకం నీరుకుక్క. 1566లో ఎలిజబెత్ రాణి కాలంలో పంటలకు, చేపలకు చేటు చేసే జీవులని ఒక చట్టం చేసి, వాటిని చంపి తలలు తెచ్చినోళ్ళకు డబ్బులిచ్చారు. ఆ జాబితాలో నీరుకుక్క ఉంది. తర్వాత వందల ఏళ్ళు కుక్కల గుంపులతో దాన్ని వేటాడటం దొరల ఆట. అయినా పూర్తిగా పోలేదు. 1950ల మధ్యలో డీల్డ్రిన్ అనే మందు వచ్చింది. విత్తనాలకు పూసేవాళ్ళు, గొర్రెల్ని అందులో ముంచేవాళ్ళు. మందు ఏట్లోకి, ఏట్లోంచి చేపలోకి, చేపలోంచి నీరుకుక్కలోకి పోయింది. 1977-79లో ఇంగ్లండు అంతా సర్వే చేస్తే, చూసిన చోట్లలో నూటికి ఆరు చోట్ల కూడా దాని గుర్తులు దొరకలేదు. మిగిలింది స్కాట్లాండు, వేల్స్, నైరుతి మూల. కొండలు, మారుమూల ఏర్లు. అప్పుడు చూసినవాడు ఏమనుకుంటాడు? ఇది కొండ ఏర్ల జంతువు, మనుషులకు దూరంగా ఉండే జంతువు అనుకుంటాడు.

మందు ఆపేశారు. 1978లో చట్టం దానికి రక్షణ ఇచ్చింది. నదులు మెల్లగా బాగుపడ్డాయి. 2009-10 సర్వేకి నూటికి దాదాపు 59 చోట్ల గుర్తులు దొరికాయి. 2011లో చివరగా కెంట్ జిల్లాకు కూడా వచ్చిందని ప్రకటించారు. వచ్చింది యాడికి? మైదానం నదులకు, పొలాల మధ్య కాలువలకు, పట్నాల వంతెనల కిందికి. కొండ ఏర్లు దాని ఇష్టం కాదు, అది తలదాచుకున్న చోటు. మందు, తుపాకి, కుక్కలు లేకపోతే అది చేపలు ఎక్కువ ఉండే పల్లపు నదికే వస్తుంది.

ఇంకో ఉదాహరణ సింగపూర్. ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఆడున్నది మన రకమే, నున్నటి బొచ్చు నీరుకుక్క. సింగపూర్ నది ఒకప్పుడు మురికి కాలువ. 1977లో ప్రభుత్వం శుభ్రం చేయడం మొదలుపెట్టి 1987కి ముగించింది. 1998లో సుంగై బులో అనే మడ అడవి పక్క ఒక జంట నీరుకుక్కలు కాపురం పెట్టాయి. ఆ తర్వాత ఒక్కో నది పట్టుకుని నగరం మధ్యకే వచ్చాయి. 2014 నాటికి బిషాన్ పార్కులో ఒక కుటుంబం ఉండేది. ఇప్పుడు ఆకాశాన్నంటే భవనాల కింద, వంతెనల కింద సందుల్లో, కాంక్రీటు గట్ల పక్క పిల్లల్ని పెడుతున్నాయి. ఆఫీసులకు పోయే జనం పక్కన నిలబడి ఫోన్లలో ఫోటోలు తీసుకుంటారు. మనుషుల అలికిడి ఉంటే ఉండలేదన్న జంతువేనా ఇది? జంతువు అదే. మారింది మనుషులు. ఆడ దాన్ని ఎవరూ చంపరు, నీళ్ళలో చేపలున్నాయి, దాగడానికి సందు ఉంది. దానికి అంతే చాలు.

కానీ సింగపూర్ కథలో ఇంకో సగం ఉంది. నది శుభ్రం చేసేటప్పుడు ఆ గట్టు మీద గుడిసెల్లో ఉన్నోళ్ళని, పందులు, బాతులు పెంచుకునేవాళ్ళని, తోపుడు బండ్లోళ్ళని అందరినీ లేపేశారు. వేరే చోట్ల ఇండ్లు, షెడ్లు ఇచ్చారు, నిజమే. కానీ ఆ గట్టు మీద వాళ్ళ బతుకు మాత్రం తిరిగి రాలేదు. నీరుకుక్క వచ్చింది. మన నదుల గురించి ఎవరైనా ఇట్లాంటి పథకం మాట్లాడితే మనం మొదట అడగాల్సింది ఇదే: గట్టు మీది మనిషిని ఏమి చేస్తారు?

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మనుషుల్ని జంతువుతో పోలుస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఆ పని నేను చేయలేదు, చట్టాలు చేశాయి. ఇంగ్లండులో చేటు జీవుల జాబితా చేసిన రాజ్యమే 1871లో మన దేశంలో నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలోళ్ళని పేరు పెట్టి నోటిఫై చేశారు. స్టూవర్టుపురం, కావలి లాంటి చోట్ల సెటిల్‌మెంట్లలో పెట్టారు. యానాదుల్లో కూడా కొందరిని ఆ జాబితాలో ఎక్కించారు. వేలిముద్రలు, హాజరు, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. అందుకే ఆ రోజును విముక్త జాతుల దినంగా జరుపుకుంటాం. చట్టం పోయినా చూపు పోలేదు, అది మీకందరికీ తెలుసు.

అట్ల హాజరు పట్టీ వేసుకుని బతికినోళ్ళు ఊరి నడుమ ఇల్లు కట్టుకోగలరా? ఊరి బయట, ఏటి పోరంబోకులో, చెరువు కట్ట కింద గుడిసె వేసుకున్నారు. తర్వాత ఎవరో వచ్చి "వీళ్ళకు నీటి పక్కన ఉండటం ఇష్టం" అని రాశారు. యానాదులకు చేప తెలుసు, ఏరు తెలుసు, అది గొప్ప విద్య. ఊత వేయడం, నీటి రంగు చూసి చేప యాడుందో చెప్పడం, ఎలుక బొరియకు పొగ పెట్టడం, పాము కాటుకు ఆకు తెలియడం ఇవన్నీ వాళ్ళ సొత్తు. కానీ విద్య వేరు, పట్టా లేని పోరంబోకులో వరద వచ్చినప్పుడల్లా గుడిసె పోగొట్టుకోవడం వేరు. మొదటిది వాళ్ళది. రెండోది వాళ్ళకు మిగిల్చింది. పట్టిక ఈ రెండూ కలిపి "ఆవాసం" అని ఒక్క మాటలో రాస్తుంది.

ఇష్టమైన చోటు ఉన్నా అది నిలవదు అనడానికి శ్రీహరికోట సాక్ష్యం. ఆ దీవిలో తరతరాలుగా యానాదులు ఉండేవాళ్ళు. అడవి, ఉప్పునీళ్ళు, చేప, తేనె అన్నీ వాళ్ళకు తెలిసినవి. రాకెట్ కేంద్రం కోసం దీవిని తీసుకున్నారు. 1971 అక్టోబరు 9న ఆడినుంచి మొదటి రాకెట్ ఎగిరింది. యానాది కుటుంబాలు దీవి వదిలి వేరే చోట్లకు పోవాల్సి వచ్చింది. ఇప్పుడు వాళ్ళ మనవళ్ళు ఏ కాలువ గట్టున కనపడితే ఆ గట్టు వాళ్ళ ఆవాసం అని రాస్తే అది చరిత్ర తెలియని రాత.

మళ్ళీ పెన్నాకు వద్దాం. ఇక్కడి నదుల్లో నీరుకుక్కకు కావలసిన ఐదింటిలో ఏది ఎట్ల పోయిందో ఒక్కోటిగా చూస్తే ఎవరి పని ఏదో తెలుస్తుంది.

నీళ్ళు. పెన్నా మొదటినుంచీ వానకాలం నది. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు పారి సముద్రంలో కలిసే ఈ నదికి దారి పొడుగునా కరువు సీమే. ఎండాకాలంలో అది మడుగుల నది. పైన ఆనకట్టలు, మైలవరం లాంటి డ్యాములు వచ్చినాక కింద పారేది ఇంకా తగ్గింది. ఇసుక తవ్వి మడుగుల్ని, ఇసుక మేటల్ని చెరిపేశారు. ఇసుక పోతే దాని కింద ఊట కూడా దిగిపోతుంది. చేపలకు తోటాలు పెట్టి పేల్చడం, మందు కలపడం చేస్తే పెద్దా చిన్నా అన్నీ ఒక్కసారే చస్తాయి. ఇంక నీరుకుక్కకు మిగిలేది ఏమి, ఊత వేసుకునే మనిషికి మిగిలేది ఏమి?

చర్మం. నీరుకుక్క బొచ్చు దట్టంగా ఉంటుంది కాబట్టి దానికి ధర ఎక్కువ. 2003లో టిబెట్టులో ఒక్క లారీలో పట్టుకున్న సరుకులో 31 పులి చర్మాలు, 581 చిరుత చర్మాలు, 778 నీరుకుక్క చర్మాలు దొరికాయి. ఇట్లాంటి వ్యాపారంలో లాభం పైనోళ్ళది, ఉచ్చు వేసి జైలుకు పోయేది కిందోడు. మన పిల్లలు ఎవరైనా ఈ ఉచ్చుల జోలికి పోకుండా చూడటం మన బాధ్యత. తర్వాత చిన్న పిల్లల్ని పట్టి పెంపుడు జంతువులుగా అమ్మే వ్యాపారం కూడా పెరిగింది. అందుకే 2019లో జెనీవాలో జరిగిన సైటిస్ సమావేశంలో ఈ రకం అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే మొదటి జాబితాలో చేర్చారు.

ఇప్పుడు ఒక వింత సంగతి. నది ఎండింది గానీ నీళ్ళు మాత్రం వేరే దారిలో తిరిగి వచ్చాయి. కేసీ కాలువ 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది. కంపెనీ నష్టపోతే 1882లో ప్రభుత్వం తీసుకుంది. సుంకేసుల కాడ తుంగభద్ర నీళ్ళను పట్టి కర్నూలు, నంద్యాల మీదుగా కుందూ లోయ వెంట మన కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా తెస్తుంది. ఖాజీపేట వరి పొలాల్లో పారేది ఆ నీళ్ళే. గండికోటలో నిలిచేది గాలేరు నగరి కాలువ ద్వారా శ్రీశైలం నుంచి వచ్చే కృష్ణా నీళ్ళు. 26.85 టీఎంసీలు పట్టే ఆ రిజర్వాయరు నింపడానికి తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అంటే పెన్నా బేసిన్‌లో ఇప్పుడు తుంగభద్ర, కృష్ణా నీళ్ళు పారుతున్నాయి.

ఆ రెండు నదుల్లోనూ నీరుకుక్కలు ఉన్నాయి. కృష్ణాలో శ్రీశైలం, నాగార్జునసాగర్ అడవుల మధ్య చెంచులు తిరిగే చోట్ల పరిశోధకులు వాటిని నమోదు చేశారు. గోదావరి చివర కోరంగి మడ అడవుల్లో ఉన్నాయి. తుంగభద్రలో డ్యాముకు కింద, ముద్లాపుర నుంచి కంప్లి దాకా 34 కిలోమీటర్ల నదిని కర్ణాటక ప్రభుత్వం 2015లో నీరుకుక్కల సంరక్షణ రిజర్వుగా ప్రకటించింది. దేశంలో ఈ జంతువు కోసం పెట్టిన మొదటి రిజర్వు అదే. హంపి పక్కన గుండ్లు, మడుగులు, జమ్ము ఉన్న నది. మ్యాపు పెట్టి చూడండి, ఆ నీళ్ళే ఇంకా కిందికి పారి సుంకేసుల కాడ మన కాలువలోకి తిరుగుతాయి.

కాబట్టి మన నదుల్లో దాని ఆవాసం గురించి మాట్లాడేటప్పుడు నీళ్ళు ఒక్కటే లెక్క కాదు. నీళ్ళు కాలువలో వస్తాయి. గట్టు రాదు. కాలువకు నిలువుగా సిమెంటు లైనింగ్ వేసి, గట్టు మీద పొద లేకుండా చేస్తే అది నీటి పైపు లెక్క. రిజర్వాయరులో నీటిమట్టం వారంలో ఎక్కి వారంలో దిగితే దరిలో బొరియలు మునుగుతాయి. కుందూ గట్టున వంక కలిసే చోట జమ్మును వదిలేసి, ఇసుక తవ్వని మడుగులు రెండు మూడు మిగిలి, చేపలకు తోటాలు పెట్టడం ఆగితే అది ఆవాసం అవుతుంది. సింగపూర్ చెప్పింది ఇదే: ఈ జంతువు మారాం చేయదు, మనిషి పక్కనే ఉంటుంది, కానీ సందు, చేప, ప్రాణభయం లేకపోవడం మూడూ ఒకే చోట ఉండాల.

ఇక్కడ ఇంకో కష్టం ఉంది, దాచి లాభం లేదు. నీరుకుక్క వల చింపుతుంది. వలలో చేపను తింటుంది. చేపల చెరువులోకి దిగితే నష్టం చేస్తుంది. నదిలో వల వేసుకుని బతికే పేదోడికి అది పోటీ. రిజర్వు ప్రకటించిన వెంటనే మొదట ఆపేది ఎవరిని? ఇసుక లారీనా, ఊత పట్టుకున్న ముసలాయననా? మన అనుభవం మనకు తెలుసు. అటవీ హక్కుల చట్టం 2006 సెక్షన్ 3(1)(డి) చేపలు, నీటి వనరుల మీద సామూహిక హక్కు ఇస్తుంది. అది అడవి భూమిలో. ప్రొద్దుటూరు కాడ పెన్నా ఇసుక అడవి భూమి కాదు. కడప జిల్లాలో ఐదో షెడ్యూలు ప్రాంతం లేదు. అంటే మైదానం యానాదికి, ఎరుకలకు ఏటి మీద ఏ చట్టమూ గట్టిగా నిలబడి హక్కు ఇవ్వదు. మత్స్యకార సొసైటీలో సభ్యత్వం, చెరువు లీజులో వాటా, వల నష్టానికి పరిహారం, గట్టు కాపలా ఉద్యోగాలు ఇవి లేకుండా జంతువును మాత్రమే కాపాడే పథకం వస్తే మన వాళ్ళు దానికి శత్రువులుగా మారతారు. తప్పు వాళ్ళది కాదు, పథకానిది.

పేదోళ్ళు, నీరుకుక్క కలిసి పనిచేసిన చరిత్ర కూడా ఉంది. 1820ల్లో బిషప్ హీబర్ అనే ఆయన బెంగాల్‌లో ఒక నది గట్టున తొమ్మిదో పదో నీరుకుక్కల్ని గడ్డి పట్టీలు కట్టి వెదురు గుంజలకు కట్టేసి ఉంటే చూసి ఆశ్చర్యపోయాడు. జాలర్లు వాటితో చేపల్ని వలలోకి తోలించేవాళ్ళు. బంగ్లాదేశ్‌లో సుందరబన్ వైపు ఈ పని చేసే కుటుంబాలు ఈ కాలందాకా ఉన్నాయి. మళ్ళీ అట్ల కట్టేసి పెంచాలని కాదు. జాలరికీ నీరుకుక్కకూ పుట్టుకతో పగ ఉందనే మాట నిజం కాదని చెప్పడానికి.

మన జిల్లాలోనే ఒక పాఠం ఉంది. కలివి కోడి. ఖాజీపేట నుంచి చూస్తే కనపడే లంకమల పొదల్లో తిరిగే పక్షి. 1848లో సైన్సుకు తెలిసింది, జెర్డన్ పేరే పెట్టారు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించింది అన్నారు. 1986 జనవరిలో సిద్దవటం పక్క రెడ్డిపల్లె కాడ మళ్ళీ దొరికింది. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు వచ్చాడు, కానీ పట్టి చూపించింది స్థానిక వేటగాడు. అది రాత్రి తిరిగే పక్షి అని, దాన్ని యాడ చూడాలో ఆయనకు తెలుసు. సైన్సుకు అంతరించిన పక్షి ఆయనకు అంతరించలేదు. ఆ తర్వాత 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. జెర్డన్ పేరు పక్షికి ఉంది, పట్టి చూపించినాయన పేరు మాత్రం దానికి లేదు. నీరుకుక్క విషయంలో అట్ల జరగకూడదు.

అందుకే మన గ్రూపులో చదువుకునే పిల్లలకు ఒక పని చెప్తున్నా. మీ అవ్వా తాతల్ని, మేనమామల్ని కూర్చోబెట్టి అడగండి. పెన్నా, కుందూ, పాపాఘ్ని, చిత్రావతిలో ఎండని మడుగులు ఏవేవి, వాటి పేర్లేమి? ఏ మడుగు ఎప్పుడు పూడిపోయింది, ఏ ఏడు నుంచి ఇసుక తీశారు? నీరుకుక్కను చూసినోళ్ళు ఎవరు, ఏ వయసులో చూశారు, గుంపులో ఎన్ని ఉండె? వల చింపితే ఏమి చేసేవాళ్ళు? వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే, వాళ్ళ పేరుతోనే, వాళ్ళు ఒప్పుకుంటేనే రాసి పెట్టండి. గట్టు మీద నడిచేటప్పుడు ఐదు వేళ్ళ అడుగు, మధ్యలో పొర ముద్ర, బండ మీద చేప పొలుసులు, ముళ్ళు కలిసిన నల్లటి పెంటికలు, నీచు వాసన కనపడితే ఫోటో తీయండి. చోటు పేరు మాత్రం అందరికీ కనపడేలా పెట్టొద్దు. ఉచ్చులోళ్ళు కూడా ఫోన్లు చూస్తారు.

ఈ మడుగుల లెక్క మన దగ్గర ఉంటే రేపు ఎవరైనా "ఈ జంతువు ఆవాసం ఇది, మీరు పక్కకు జరగండి" అని వచ్చినప్పుడు మనం మాట్లాడగలం. ఆ మడుగు ఎవరు పూడ్చారు, ఆ గట్టున ఎవరు ఎన్నేళ్ళుగా ఉన్నారు, జంతువూ మనిషీ అదే గట్టున ఎట్ల బతికారు అని తేదీలతో, పేర్లతో చెప్పగలం. ముందు ఒక్కొక్కరు ఒక్క మడుగు పేరు పంపండి. ఖాజీపేట, చాపాడు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, వేంపల్లె పక్క ఉండేవాళ్ళు మొదలుపెట్టండి. మిగతావాళ్ళం జోడిస్తాం.